ఆ రెండు వందల కీచైన్ల సంగతి

పర్లాకిమిడి,
శనివారం రాత్రి

చిన్నీ,

ఫోన్లో చెబితే సగంలోనే "సరేలే అమ్మా, తర్వాత మాట్లాడదాం" అంటావు. అందుకే కాగితం పట్టుకున్నాను. మీ నాన్న దీన్ని ఫోటో తీసి పంపుతారట. నా గొలుసుకట్టు రాత అర్థం కాకపోతే ఫోన్ చెయ్యి, చదివి వినిపిస్తాను.

భువనేశ్వర్‌లో ఆ గిఫ్టు షాపు ఆయన ఎవరి పెళ్ళికో రిటర్న్ గిఫ్టులకి కొక్కెంతో ఊలు అల్లే నీ క్రోషియా పొద్దుతిరుగుడు కీచైన్లు 200 అడిగాడని, ఒక్కోదానికి 25 రూపాయలు ఇస్తానన్నాడని, గడువు నెల రోజులని చెప్పావు. నీ గొంతులో సంబరం విని అప్పుడు ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను, ఆ బేరం ఒప్పుకోకు. క్రోషియా మానెయ్యమని కాదు. అందరూ అన్నట్టు "ఉద్యోగం ఉండగా ఈ ఊలు ఉండలేమిటి" అనీ కాదు. ఆ ధరకి, ఆ షరతు మీద వద్దంటున్నానంతే.

లెక్కల్లో నువ్వు నాకంటే గట్టిదానివే గానీ, ఆర్డరు అనగానే లెక్క మర్చిపోయినట్టున్నావు. పువ్వు, వెనకాల బిళ్ళ, ఆకు, రింగు తగిలించడం, పోగులు లోపలికి దాచడం, అన్నీ కలిపి నీ చేతికి ఒక్కోటి అరగంట పడుతుంది. 200కి 100 గంటలు. ఆఫీసు నుంచి వచ్చి రోజూ రెండు గంటలు కూర్చున్నా 50 రోజులు. ఆయన ఇచ్చింది 30. వచ్చేది 5000. ఊలు, రింగు, కవరు కలిపి ఒక్కోదానికి 8 రూపాయలు తీసేస్తే 1600 పోయి చేతికి మిగిలేది 3400. అంటే గంటకు 34 రూపాయలు. నడుం నొప్పి, మణికట్టు నొప్పి ఉచితం.

నేను పుట్టి పెరిగింది నరసాపురం దగ్గరని నీకు తెలుసు, అక్కడి సంగతి మాత్రం ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. మీ అమ్మమ్మ ఒళ్ళో ఎప్పుడూ తెల్లదారం ఉండ ఉండేది. వంటయ్యాక, మధ్యాహ్నం నిద్ర మానుకుని, పొద్దువాలి కళ్ళు కనబడనంత వరకూ అల్లుతూనే ఉండేది. దారం ఏజెంటు ఇచ్చేవాడు. నమూనా ఆయనదే. వచ్చి సరుకు పట్టుకెళ్ళేదీ ఆయనే, కూలి ఇంత అని చెప్పేదీ ఆయనే. ఒక ఇంట్లో పువ్వులు అల్లితే, ఇంకో ఇంట్లో వాటిని కలిపే అతుకు పని చేసేవారు. పువ్వులు అల్లిన మనిషికి బల్లగుడ్డ మొత్తం ఎలా తయారైందో చూసే భాగ్యం కూడా ఉండేది కాదు. అది ఏ దేశం వెళ్ళిందో, ఏ దొరసాని బల్ల మీద పరిచిందో, ఎంతకు కొందో, ఇవన్నీ ఏజెంటుకు పైనున్నవాళ్ళకే తెలియాలి. "ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఆడవాళ్ళు పొద్దుపోక చేసే పని" అనేవారు. పొద్దుపోక చేసే పనికి కూలి ఎక్కువ ఇవ్వక్కర్లేదు కదా! మీ అమ్మమ్మ అయితే ఒక్క రోజు కూడా ఖాళీగా కూర్చోగా నేను చూడలేదు.

19వ శతాబ్దంలో మిషనరీలు మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళకు నేర్పిన పని అది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళన్నీ దాని మీద బతికాయి. 2024లో నరసాపురం లేసుకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకని చెప్పే గుర్తింపు, కూడా వచ్చింది. పేపర్లో చూసి నేనూ మురిసిపోయాను. పేరు ఊరికి దక్కింది, సంతోషం. కూలి మాట వేరే.

ఇంకో సంగతి. చీర నేసే మరముందిగానీ, కొక్కెంతో అచ్చం మనలా క్రోషియా అల్లే యంత్రం బజార్లోకి రాలేదు. యంత్రం మీద వచ్చే లేసు చూడ్డానికి అలాగే ఉంటుంది, అల్లిక వేరు. నిజమైన క్రోషియా ఎక్కడైనా మరీ చవగ్గా కనబడిందంటే ఎవరో ఒకరి చేతికి ముట్టాల్సింది ముట్టలేదన్నమాట. ఆ చెయ్యి నీది కాకూడదనే నా బాధ.

మన పర్లాకిమిడిలో పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే పనివాళ్ళనే చూడు. కొమ్మును వేడి మీద మెత్తబరిచి, వంచి, కొంగ మెడ తీర్చి, నునుపు పెట్టేసరికి తాతలు దిగివస్తారు. కొనడానికొచ్చిన పెద్దమనిషి ప్లాస్టిక్ బొమ్మ ధర చెప్పి బేరమాడతాడు. సరే, అది వేరే గోల.

ఇప్పుడు నీ ఫోటోల గురించి. తాబేలు బాగుంది. ఎలుగుబంటి తల మాత్రం గుండ్రంగా లేదు, ఆరు మూలలు తేలింది. ఎందుకో చెప్పనా? మొదటి వరసలో 6 కుట్లు, తర్వాత 12, 18, 24, ఇలా వరసకు ఆరేసి పెంచుతున్నావు. అది సరైనదే. సాదా చిన్న కుట్టు అయితే ఆరేసి పెంచితేనే బిళ్ళ చదునుగా పడుకుంటుంది. తక్కువ పెంచితే గిన్నెలా లేస్తుంది, ఎక్కువ పెంచితే లంగా కుచ్చిళ్ళలా వంకర్లు పోతుంది. కానీ నువ్వు ప్రతి వరసలోనూ పెంపు కుట్టును, అంటే ఒకే కుట్టులో వేసే రెండు కుట్లను, కిందటి పెంపు మీదే వేస్తున్నావు. అవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని మూల దేరతాయి. ఒక వరస వదిలి ఒక వరసలో పెంపును కాస్త పక్కకు జరుపు. ఉదాహరణకి, మూడేసి కుట్లు అల్లి పెంచాల్సిన వరసలో ముందు ఒక్కటే అల్లి పెంచు, ఆ తర్వాత మామూలుగా మూడేసి అల్లి పెంచుకుంటూ పోయి, మిగిలిన రెండూ వరస చివర్లో వెయ్యి. కుట్ల లెక్క మారదు, మూలలు మాయమవుతాయి. వరస మొదలు తెలియడానికి ప్లాస్టిక్ మార్కర్లు కొన్నావట. పిన్నీసు చాలదా?

ఆ ఎలుగుబంటి మీ ఆఫీసు అమ్మాయి చంటిపిల్లకి అన్నావు గనక ఇది ముఖ్యం. ఆ నల్ల ప్లాస్టిక్ కళ్ళు తీసెయ్యి. "సేఫ్టీ ఐస్" అని పేరుంది గానీ, మూడేళ్ళ లోపు పిల్లలకి అవి పెట్టకూడదు. నోట్లో పెట్టుకుని పీకితే ఊడొస్తాయి, గొంతులో అడ్డం పడతాయి. నల్లదారంతో కళ్ళు కుట్టు, చూపు కూడా మెత్తగా ఉంటుంది. లోపల బూరుగు దూది కూరకు, ఉతికితే గడ్డలు కడుతుంది. పాలియెస్టర్ ఫైబర్ పెట్టు. అల్లిక సందుల్లోంచి అది తెల్లగా తొంగిచూస్తోందంటే కొక్కెం లావైందని అర్థం, ఒక అర మిల్లీమీటరు తగ్గించు.

కార్తీక పున్నమి వెళ్ళాక ఒడియావాళ్ళు ఇంటి పెద్దబిడ్డకి చేసే ప్రథమాష్టమి పండక్కి పక్కింటి మౌసీ తన కూతురి పెద్దపిల్లాడికి కొత్తబట్టలు పంపుతుంది కదా, పోయిన ఏడు వాటితో పాటు ఒక టోపీ అల్లిమ్మంది. పిల్లాడు చూస్తే కటక్‌లో. తల కొలత ఫోన్లోనే చెప్పించుకున్నాం, 44 సెంటీమీటర్లు. దాన్ని 3.14 పెట్టి భాగిస్తే 14. అంత వెడల్పు బిళ్ళ అయ్యాక పెంచడం ఆపేసి నేరుగా కిందికి అల్లుకుపోవడమే. ఊలు సాగుతుంది గనక నేను 13 దగ్గరే ఆపేశాను. సరిగ్గా కూర్చుంది. మౌసీ డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, మర్నాడు పసుపాకుల్లో ఆవిరి మీద ఉడికించే ఎండూరి పిఠా పళ్ళెం నిండా వచ్చింది. మీ నాన్నకి ఆ పసుపాకు వాసన పడదు, అన్నీ నేనే తిన్నాను.

అది బహుమతి. నువ్వు బహుమతిగా ఎన్ని ఇచ్చినా నేను లెక్క అడగను, గంటలు గుణించను. అమ్మకం దగ్గర మాత్రం దారం నీదై ఉండాలి, నమూనా నీదై ఉండాలి, ధర నువ్వు చెప్పాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి వాళ్ళ చేతికిచ్చినా మిగతా రెండూ వాటంతటవే పోతాయి.

ఆ షాపు ఆయన్ని వదులుకోమనీ అనడం లేదు. ఆయనకు కావలసింది పెళ్ళికొచ్చిన వాళ్ళ చేతిలో పెట్టడానికి ముచ్చటైన వస్తువు. కీచైనే కానక్కర్లేదు. తాంబూలం సంచి ముడి దగ్గర కట్టే చిన్న అయిదు రేకుల పువ్వు చూపించు. అయిదు గొలుసు కుట్లు వేసి ఉంగరంలా కలుపు. రెండు గొలుసులు, ఉంగరంలోకి రెండు పొడవు కుట్లు, మళ్ళీ రెండు గొలుసులు, ఉంగరంలోకి ఒక జారుకుట్టు. అది ఒక రేకు. అలా అయిదు. చివర పొడుగు పోగు వదిలేస్తే సంచికి కట్టుకోవడానికి అదే పనికొస్తుంది, దాచే పని కూడా ఉండదు. నీకు ఒక్కోటి ఆరు నిమిషాలు. 200కి 20 గంటలు. 15 రూపాయలు చెప్పు, ఊలుకు రెండు పోయినా 2600 మిగులుతుంది. గంటకు 130 పడింది చూశావా? ఆయనకూ 5000 బదులు 3000తో పనైపోతుంది.

కీచైన్లే కావాలంటే పెళ్ళికూతురి స్నేహితురాళ్ళకి ఒక ఇరవై చేసిస్తానను, ఒక్కోటి 90కి తక్కువ చెప్పకు. సగం డబ్బు ముందు తీసుకో. "బయట ఇంతకే ఇస్తున్నారు" అంటే "అయితే బయటే తీసుకోండి అంకుల్" అని నవ్వుతూ చెప్పు. గొడవపడకు, రేపు ఇంకో పనికి ఆయనే రావొచ్చు.

మీ నాన్న బుధవారం బరంపురం వెళ్తున్నారు. ఊలు అక్కడ తెప్పిస్తాను. మొత్తం ఒకేసారి, ఒకే లాట్ నంబరుది, అంటే ఒకే విడతలో రంగు వేసింది, కొనాలి, లేకపోతే అదే రంగు అనుకున్నది పక్కన పెట్టేసరికి తేడా కొడుతుంది. ఆయనకి ఆ నంబరు ఎక్కడుంటుందో చీటీ మీద రాసివ్వాలి, రంగుల సంగతి ఆయనకి వదిలేస్తే అన్నీ చాక్లెట్ రంగే తెస్తారు. కాబట్టి మంగళవారం లోపు పెళ్ళివాళ్ళ మండపం రంగో, సంచుల రంగో కనుక్కుని చెప్పు. తెలుపు మాత్రం వద్దు, తాంబూలంలో పసుపు కుంకుమ పొట్లాలుంటాయి.

మీ అమ్మ