ఆ 'విశ్రాంత అధికారి' నేనే, కానీ నేను ఆ కారు చూడలేదు

ఎడిటర్ గారికి, నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో, మా వీధిలో కారు కింద పడి చనిపోయిన ఆవిడ గురించి వేసిన వార్త చివర్లో ఒక వాక్యం ఉంది. కారు బ్రేకులు బాగానే ఉన్నాయని రవాణా శాఖలో పనిచేసి రిటైరైన ఒక అధికారి తెలిపారట. ఆ అధికారిని నేనే. నేనేమీ తెలపలేదు. ఆ కారు డోరు కూడా ముట్టుకోలేదు. టీ కొట్టు దగ్గర నిలబడి నోరు జారాను, అది నాలుగు నోళ్లు తిరిగి మీ పేపర్లోకి వచ్చింది. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఊరి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే రేపు సాయంత్రానికి ఇంకో నలుగురు మైకులు పట్టుకుని దిగుతారు. జరిగింది చూస్తే చాలా చిన్నది. పొద్దున ఆరున్నర. ఆవిడ గేటు బయట, ర్యాంపు దిగిన చోట రోడ్డు అంచున ముగ్గు వేస్తోంది. ర్యాంపు మీద కారు, వెనక భాగం రోడ్డు వైపు. కారు వెనక్కి వచ్చింది. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. ఆ నిమిషంలో వాళ్లాయన స్టీరింగ్ దగ్గర ఉన్నాడా, గేటు దగ్గర ఉన్నాడా అన్నదానికే మా వీధిలో రెండు కథలు నడుస్తున్నాయి. నేను వెళ్లేసరికి ముగ్గు సగంలో ఆగి ఉంది, పిండి గిన్నె బోర్లా పడి ఉంది, ఆ పిండి తొక్కిన చెప్పుల అచ్చులు మా ఇంటి దాకా ఉన్నాయి.

మర్నాడు టీ కొట్టు కుర్రాడు అడిగాడు, "సార్, మీరు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చేశారు కదా, కారు దానంతటదే వెనక్కి పోద్దా?" అని. "అంత కొత్త కారుకి బ్రేకులెందుకు ఫెయిలవుతాయిరా" అన్నాను. అంతే. గ్లాసు కింద పెట్టి ఇంటికొచ్చేశాను. సాయంత్రానికి ఒక యూట్యూబ్ వీడియో, ఎర్ర బాణం గుర్తు, దాని పక్కన 'బ్రేకులు ఫెయిల్ కాలేదు, తేల్చేసిన ఆఫీసర్'. మా ఆవిడ ఫోన్ తెచ్చి నా ముందు పెట్టి ఇది మీరేనా అంది. నాకు నోట మాట రాలేదు.

ఎందుకంటే ముప్ఫై ఏళ్లు ఇదే పని చేసినవాణ్ణి, నేనన్న మాటలో పస లేదని నాకు తెలుసు. బ్రేకులు ఫెయిలవడం అనేది సినిమాల్లో జరిగినంతగా బయట జరగదు. ఇలాంటి వాటిలో అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉంటాయి. బండి గేర్లో ఉందా, న్యూట్రల్‌లో ఉందా? హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగారా, సగం లాగారా? ఊరెళ్లి వచ్చి వేడి మీదున్న బండికి హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేస్తే, చల్లారాక పట్టు సడలి కదిలిన బండ్లున్నాయి. ఆటోమేటిక్ అంటారా, మన దగ్గర అమ్మే ఏఎంటీ కార్లలో, అంటే క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే కార్లలో, చాలావాటికి 'పి' అనే పార్కింగ్ పొజిషన్ అసలు ఉండదు, ఆ సంగతి కొన్నవాళ్లలో సగం మందికి తెలియదు. ఇక మనిషి లోపలే ఉంటే ఇంకో లెక్క. బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కడం మీరనుకున్నంత అరుదు కాదు. వంగి ముగ్గేస్తున్న మనిషి అద్దాల్లో కనపడదు. 2019 జూలై 1 తర్వాత తయారైన కార్లకి రివర్స్ సెన్సర్లు తప్పనిసరి చేశారు, నిజమే, కానీ నేలకి దగ్గరగా ఉన్నదాన్ని అవి పట్టుకోకపోవచ్చు, పైగా రోజూ ఎదురింటి గోడని చూసి కుయ్ కుయ్‌మనే సెన్సర్‌ని ఎవరు పట్టించుకుంటారు?

ఇదంతా చెప్పి అది ప్రమాదమేనని మిమ్మల్ని ఒప్పించాలని కాదు. అదే కారుతో అదే ర్యాంపు మీద ఒకడు కావాలని చేసినా బయటికి అచ్చం ఇలాగే కనపడుతుంది. ఆ తేడా పట్టుకోవడానికే దర్యాప్తు. ఆ తేడా చెప్పగల ఆనవాళ్లలో సగం మా వీధివాళ్లమే మొదటి అరగంటలో చెరిపేశాం. ఆవిణ్ణి ఆటోలో ఎక్కించడానికి దారి కావాలని ఎవరో కారెక్కి గేరు మార్చి పక్కకి తీశారు. పొడుగు మనిషి కాబోలు, సీటు వెనక్కి జరిపాడు. తప్పు పట్టను, ప్రాణం ముఖ్యం. కానీ ఆ తర్వాత ఒక కుర్రాడు డ్రైవర్ సీట్లో కూర్చుని, "ఇదిగో ఫ్రెండ్స్, ఇక్కడి నుంచి చూస్తే వెనకాల మొత్తం కనపడుతుంది" అని వీడియో తీశాడు. వాడి ఎత్తెంత, వాళ్లాయన ఎత్తెంత, సీటు మొదట ఎక్కడుంది? క్లూస్ టీమ్ వచ్చేసరికి స్టీరింగ్ మీద ఎంతమంది వేళ్లున్నాయో ఆ దేవుడికే తెలియాలి. దాదాపు లక్షమంది చూశారట ఆ వీడియో.

మా పని ఎలా జరుగుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే రేపు రిపోర్టు వచ్చాక దాని మీద ఇంకో రచ్చ జరుగుతుంది. పోలీసులు రాతపూర్వకంగా అడిగాక మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కి వెళ్లి బండి చూస్తాడు. బ్రేక్ పెడల్ ఎంత లోపలికి పోతోంది, ఆయిల్ ఉందా, హ్యాండ్‌బ్రేక్ ఎక్కడ పట్టుకుంటోంది, టైర్లెలా ఉన్నాయి, ఎక్కడెక్కడ దెబ్బలున్నాయి, అన్నీ రాసుకుని బండి కదిలే స్థితిలో ఉంటే నడిపి చూస్తాడు. చివర్లో మామూలుగా ఒక వాక్యం ఉంటుంది, ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరగలేదని. నేను కొన్ని వందల సార్లు రాసి ఉంటాను ఆ వాక్యం. దాని అర్థం బండిలో లోపం లేదని, అంతవరకే. డ్రైవర్ కావాలని చేశాడని కాదు, నిద్రమత్తులో ఉన్నాడని కాదు, అసలు లోపల ఉన్నాడని కూడా కాదు. కానీ చూడండి, ఆ కాగితం బయటికి రాగానే 'హత్యే అని తేల్చిన రిపోర్టు' అని వస్తుంది.

మా అమ్మాయి బోస్టన్‌కి దగ్గర్లో ఉంటుంది. 2024లో నేనూ మా ఆవిడా మూడు నెలలు అక్కడే ఉన్నాం, అప్పుడక్కడ టీవీ పెడితే కారెన్ రీడ్ కేసే. 2022 జనవరి 29 తెల్లవారుజామున మంచు తుఫానులో, కాంటన్ అనే ఊళ్లో ఒక ఇంటి ముందు బోస్టన్ పోలీసు అధికారి ఒకాయన పడి ఉన్నాడు, బతకలేదు. ఆయన స్నేహితురాలు కారెన్ రీడ్ తాగి, కారు రివర్స్ చేస్తూ గుద్ది వెళ్లిపోయిందని ప్రాసిక్యూషన్. కాదు, ఆ ఇంట్లోనే ఎవరో కొట్టి బయట పడేసి ఆమె మీదకి తోశారని డిఫెన్స్. మొత్తం కేసు పగిలిన ఒక టెయిల్‌లైట్ చుట్టూ తిరిగింది, ఆ ప్లాస్టిక్ ముక్కలు మంచులోకి ఎలా వచ్చాయి, ఎప్పుడు వచ్చాయి అని. కారు గంటకు 24 మైళ్ల వేగంతో వెనక్కి వెళ్లిందని కారు కంప్యూటర్ డేటా చూపించి ఒక నిపుణుడు చెప్పాడు. ఆ గాయాలు కారు గుద్దితే వచ్చేవి కావని వేరే నిపుణులు చెప్పారు. కోర్టు బయట గులాబీ రంగు చొక్కాలేసుకుని ఆమెని సమర్థించే జనం, అచ్చం మన దగ్గర ఆడియో ఫంక్షన్ బయట ఫ్యాన్స్ లాగే, చివరికి కోర్టుకి 200 అడుగుల లోపలికి రావద్దని జడ్జి గీత గీయాల్సి వచ్చింది. సాక్షుల్ని బెదిరించాడని ఒక బ్లాగరు మీద కేసే పెట్టారు. మొదటి జ్యూరీ తేల్చుకోలేక 2024 జూలై 1న విచారణ ఆగిపోయింది. దర్యాప్తు నడిపిన అధికారి ఆమె గురించి పంపిన బూతు మెసేజ్‌లు కోర్టులో బయటపడి తర్వాత అతని ఉద్యోగం పోయింది. రెండో జ్యూరీ 2025 జూన్ 18న హత్య అభియోగంలో నిర్దోషి అంది, తాగి నడిపినందుకు మాత్రం దోషి. మూడేళ్లు దాటి, రెండు విచారణలు, అంతమంది ఇంజనీర్లు. అయినా ఆ రాత్రి ఏం జరిగిందో ఈ రోజుకీ అక్కడివాళ్లు రెండు జట్లుగానే చెప్పుకుంటారు.

అప్పుడు మా అల్లుడు అడిగాడు, "మామయ్యగారూ, మీ సబ్జెక్టే కదా, ఏమంటారు?" అని. బండి చూడకుండా నేనేం చెప్తాను బాబూ అన్నాను. అక్కడ అంత బుద్ధిగా ఉన్నవాణ్ణి, మా టీ కొట్టు దగ్గరికొచ్చేసరికి ఏమైందో.

మా వీధిలో ఎక్కువగా వినపడుతున్న సాక్ష్యం, వాళ్లాయన ఏడవలేదని. 1980లో ఆస్ట్రేలియాలో ఉలూరు కొండ దగ్గర టెంట్లోంచి తొమ్మిది వారాల పాప మాయమైతే, డింగో, అంటే అక్కడి అడవి కుక్క, ఎత్తుకుపోయిందని తల్లి మొత్తుకుంది. టీవీలో ఆవిడ సరిగా ఏడవలేదని దేశంలో చాలామంది ఆవిణ్ణే హంతకురాలిని చేశారు. వాళ్ల కార్లో పసిపిల్ల రక్తం దొరికిందని నిపుణులు చెప్పారు, 1982లో యావజ్జీవ శిక్ష పడింది. తర్వాత తేలిందేమిటంటే, డాష్‌బోర్డు కింద రక్తం చిమ్మినట్టుందన్నది, శబ్దం రాకుండా తయారీలో కొట్టిన పూత. ఆ పూత ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఎన్ని కార్ల కింద పడుకుని చూశానో. శిక్ష 1988లో కొట్టేశారు, డింగోయే అని కరోనర్ (చావుకి కారణం తేల్చే అధికారి) రాసింది మాత్రం 2012లో.

మిగతా పుకార్ల సంగతి గబగబా చెప్పేస్తాను. ఇన్సూరెన్స్ కోసం చేశాడంటున్నారు. కారు పాలసీలో ఉండే 15 లక్షల ప్రమాద బీమా బండి నడిపే ఓనర్‌కి, భార్య చనిపోతే భర్తకిచ్చేది కాదు. ఆవిడ పేరు మీద వేరే పాలసీ ఉంటే అది పోలీసులు చూసుకుంటారు. బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 106 పెట్టారు కాబట్టి పోలీసులు అమ్ముడుపోయారంటున్నారు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన సెక్షన్ అది, ఐదేళ్ల దాకా శిక్ష, పాత ఐపీసీ 304ఏలో రెండేళ్లే ఉండేది. మొదట ఏ సెక్షన్ పెట్టినా, ఆధారాలు దొరికితే మార్చుకోవచ్చు, మారుస్తారు కూడా. తహసీల్దార్ శవ పంచనామాకి ఎందుకు రాలేదంటున్నారు. ఆ నిబంధన పెళ్లయి ఏడేళ్ల లోపు చనిపోయిన ఆడవాళ్ల విషయంలో. వీళ్ల పెళ్లయి పదకొండేళ్లు.

కానీ ఆవిడ అమ్మగారికి అనుమానం ఉంది. ఉండనివ్వండి. కూతురు పోయిన తల్లికి అనుమానం రాకపోతే ఎలా? మన దగ్గర ప్రమాదం పేరుతో మూసేసిన ఆడవాళ్ల చావులు లేవని నేను అనను, సర్వీసులో నాకే అనుమానం వచ్చిన బండ్లున్నాయి, ఒకసారి ఎస్సై గారిని పక్కకి పిలిచి చెప్పాను కూడా. ఆ తల్లి తన అనుమానం స్టేషన్‌లో చెప్పాలి, వాంగ్మూలంలో రాయించాలి, వినకపోతే ఎస్పీ దగ్గరికి, కోర్టుకి వెళ్లాలి. కావాలంటే నేను వెంట వెళ్తాను. అంతేగానీ దినం కూడా కాకముందే ఆవిడ మొహం మీద మైకు పెట్టి, "అల్లుడే చంపాడంటారా అమ్మా?" అని అడిగి, ఆవిడ తలూపితే దాన్ని హెడ్డింగ్ చేయడం ఏమిటండీ? రేపు కోర్టులో డిఫెన్స్ లాయర్ మొదట వేసేది ఆ వీడియోనే, అప్పుడలా చెప్పారు ఇప్పుడిలా చెప్తున్నారు అని. నిజంగా నేరం జరిగి ఉంటే ఆ తల్లికి అన్యాయం చేసింది ఆ మైకు పట్టుకున్నవాడే అవుతాడు.

వాళ్లబ్బాయి మూడో క్లాసు. వాణ్ణి కూడా వదల్లేదు. స్కూల్ బస్సు దిగుతుంటే ఒకడు ఫోన్ పట్టుకుని, "నాన్న అప్పుడు ఎక్కడున్నాడు చిన్నా?" అని అడిగాడు. వాడు బ్యాగు పట్టీ నోట్లో పెట్టుకుని అలా నిలబడిపోయాడు. మొహం బ్లర్ చేశారు, యూనిఫాం చేయలేదు, బస్సు నంబరు చేయలేదు. నేరానికి సాక్షి అయిన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టంలో 74వ సెక్షన్ ఉంది, ఆరు నెలల దాకా జైలో, 2 లక్షల దాకా జరిమానానో, రెండూనో. ఆ వీడియో మీద ఫిర్యాదు రాసి స్టేషన్‌లో ఇచ్చి వచ్చాను, రసీదు నా దగ్గరుంది.

పోలీసులు కూడా తక్కువేం తినలేదు. స్టేషన్ నుంచి ఎవరో ఒకరు చెవిలో ఊదకపోతే 'విశ్వసనీయ వర్గాల సమాచారం' ఎక్కడి నుంచి వస్తుంది? మీడియాకి పోలీసులు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో మూడు నెలల్లో మాన్యువల్ తయారు చేయమని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో కేంద్ర హోం శాఖకి చెప్పింది. మా స్టేషన్ దాకా ఆ కబురు వచ్చినట్టు లేదు. రోజుకో లీకు, లీకుకో వీడియో.

కారు ఇప్పుడు స్టేషన్ ఆవరణలో వేప చెట్టు కింద ఉంది. మార్కెట్‌కి అటే వెళ్తాను కాబట్టి కనపడుతుంది. వెనక ఎడమ టైరులో గాలి దిగిపోతోంది. ఆ టైరు మొదటి నుంచే అలా ఉందా, అక్కడ పెట్టాక దిగిందా అని అలవాటుగా ఆలోచించబోయి, నన్ను నేనే తిట్టుకుని కూరగాయల సంచీతో ఇంటికొచ్చేశాను.

మీ నుంచి నాక్కావలసింది ఒక్కటే. ఆ వార్తలో బ్రేకుల గురించి వచ్చిన వాక్యం తప్పు, ఆ మాటన్న మనిషి కారుని పరీక్షించలేదు, అని ఒక సవరణ వేయండి. నా పేరు కావాలంటే వేసుకోండి, ఈ ఉత్తరంతో పాటు పంపిన కాగితంలో ఉంది. రెండు లైన్లయినా చాలు, కానీ అదే జిల్లా పేజీలో, ఆ వార్త వచ్చిన చోటే రావాలి. లోపలెక్కడో పంచాంగం కింద వేస్తే మా టీ కొట్టు దగ్గర ఎవరూ చదవరు.

ఇట్లు,
మీ పాఠకుడు, రిటైరైన బ్రేక్ ఇన్‌స్పెక్టర్