సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించిన వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ చదవను. నెలవారీ సమావేశాలు దాదాపు అన్నీ జరిగాయి. కోరం కోసం ఎదురుచూసిన సాయంత్రాల గురించి మాట్లాడకపోవడమే మేలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది పార్కు కొలతల కార్యక్రమం. చక్రాల కుర్చీ వాడే సభ్యులు, చూపు లేని సభ్యులు, చేతికర్రతో పెద్దలు, పసిపిల్లల బండ్లతో తల్లులు ముందు నడిచారు. టేపు, నోటుబుక్కు పట్టుకుని మిగతావాళ్లం వాళ్ల వెనక వెళ్లాం. గేటు దగ్గరే ఆగిపోయాం. బైకులు రాకుండా పాతిన ఇనుప గొట్టాల సందులో మనిషి పక్కకి తిరిగితే పడతాడు గానీ చక్రాల కుర్చీ పట్టదు. బైకులు మాత్రం పక్క గేటులోంచి దర్జాగా వస్తున్నాయి.

మరుగుదొడ్డి గడప నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు లెక్కన ర్యాంపు 5.4 మీటర్లు ఉండాలి. కట్టింది 2 మీటర్లు. పిల్లలు దాన్ని జారుడుబల్లగా వాడుకుంటున్నారు, తప్పు వాళ్లది కాదు. చూపు లేనివారి కోసం పరిచిన పసుపు పలకలు తిన్నగా వెళ్లి కరెంటు స్తంభం దగ్గర తేలాయి. జపాన్‌లో సెయిచి మియాకే 1965లో ఈ పలకలను రూపొందించారు. 1967లో ఒకాయమా నగరంలో అంధుల పాఠశాల దగ్గర మొదటిసారి వేశారు. గీతలుంటే ముందుకు నడవవచ్చు, చుక్కలుంటే ఆగి చూసుకోవాలి. మనవాళ్లకు ఇదేమీ ఎవరూ చెప్పినట్టు లేదు, రంగు బాగుందని పరిచేశారు.

తర్వాత జరిగిన చర్చలో బెంచీల దగ్గర మాటామాటా పెరిగింది. బెంచీ నడుమ కమ్మీ ఎందుకు? నిలువ నీడ లేనివాళ్లు పడుకోకుండా ఉండేందుకే. లండన్‌లో కామ్డెన్ పాలకమండలి 2012లో పెట్టించిన కాంక్రీటు బెంచీ కూడా ఇలాంటిదే, దాని మీద పడుకోవడం కుదరదు. ‘ఫలానావాళ్లు రావద్దు’ అని బోర్డు పెడితే జనం నిలదీస్తారు, కమ్మీని ఎవరూ నిలదీయరు. అయితే లేవడానికి పట్టు కావాలని పెద్దలు అన్నది కూడా నిజమే. అందుకే కమ్మీలు బెంచీ చివర్లలో పెట్టమని అధికారులకిచ్చిన వినతిపత్రంలో రాశాం.

ఆడపిల్లల సంగతి యువ సభ్యులు లేవనెత్తారు. వియన్నాలో తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతోందని 1990లలో గమనించారు. 1999 నుంచి రెండు పార్కుల్లో పెద్ద మైదానాన్ని చిన్న చిన్న భాగాలు చేశారు, దారులు పెంచారు, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు వేశారు. ఆడపిల్లలు మళ్లీ రావడం మొదలుపెట్టారు. ఎవరినీ బయటికి పంపకుండానే చోటు దొరికింది. మన వినతిపత్రంలో ఇదీ చేర్చాం.

వినతిపత్రం ఏమైందంటారా? సంబంధిత కార్యాలయంలో ‘చూస్తాం’ అన్నారు. తర్వాత ఫైలు వేరే సెక్షన్‌కు వెళ్లిందన్నారు, ఆపైన సంతకం చేసే అధికారి సెలవులో ఉన్నారన్నారు. చివరికి గేటు దగ్గర ఒక గొట్టం తీశారు. కుర్చీ ఇప్పుడు లోపలికి వెళ్తోంది. ర్యాంపు అలాగే ఉంది.

కొలతలు రాసిన విద్యార్థులకు, మైకు ఇచ్చిన సభ్యునికి, మంచినీళ్లు మోసిన వాచ్‌మన్ గారికి, వినతిపత్రాన్ని బ్రెయిలీలోకి మార్చినవారికి, ఓపిగ్గా దారి చూపిన చక్రాల కుర్చీ సభ్యులకు పేరుపేరునా కృతజ్ఞతలు. వాట్సాప్‌లో ‘నేను రెడీ’ అని బొటనవేలు పెట్టి ఆ రోజు ఫోన్ ఎత్తనివారికి కూడా నమస్కారం. ఈసారి బొటనవేలు వద్దు, మనిషి కావాలి.

జమాఖర్చుల పట్టిక మీ కుర్చీల్లో ఉంచాం. ఆడిటర్ సంతకం అయింది, లోటు లేదు. సందేహాలుంటే కోశాధికారిని అడగండి. చందా బాకీ ఉన్నవారు బయటికి వెళ్లేలోపు కడితే రసీదు ఇక్కడే ఇస్తాం.

వచ్చే ఏడాది బస్టాపులు కొలుద్దామని కార్యవర్గం ప్రతిపాదన. దాని మీద ఓటింగ్ ఈ నివేదిక తర్వాత ఉంటుంది, దయచేసి భోజనాలకు ముందే లేచి వెళ్లకండి.

ఇట్లు,
కార్యదర్శి