స్కోప్ కొనేముందు దూరం తేల్చుకోవాలి

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ క్రీడల పేజీలో రైఫిల్ షూటింగ్ మీద వచ్చిన వ్యాసం చదివాను. మన జిల్లా పిల్లలకు ఈ ఆటను పరిచయం చేసినందుకు సంతోషమే కానీ, దూరపు గురికి తూటా ఎంత పెద్దదైతే, స్కోప్ (రైఫిల్ మీద బిగించే దుర్భిణి) జూమ్ ఎంత ఎక్కువైతే అంత మేలన్న ధోరణిలో అందులో ఇచ్చిన సలహాతో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను. సైన్యంలో పనిచేసి, యూనిట్ తరఫున పోటీల్లో కాల్చి, రిటైరయ్యాక తిరుపతిలో స్థిరపడినవాడిని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట తేల్చుకోవలసింది ఏ పోటీకి, ఎంత దూరానికి అన్నది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో గానీ, 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన 50 మీటర్ల పోటీలో గానీ టెలిస్కోపుకు అనుమతే లేదు. చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్‌తోనే కాల్చాలి. 1972 తర్వాత ఒలింపిక్స్ నుంచి తప్పించిన 300 మీటర్ల పోటీకీ అదే నిబంధన. కాబట్టి ఒలింపిక్ కల కంటున్న పిల్లవాడి తండ్రి స్కోప్ మీద పెట్టే ప్రతి రూపాయీ దండగే. స్కోప్‌తో పని పడేది ఎఫ్-క్లాస్ వంటి పోటీల్లో. అక్కడ బోర్లా పడుకుని, రైఫిల్‌ను ఆనిక మీద ఉంచి, 300 నుంచి 1000 గజాల దాకా కాలుస్తారు. 1000 గజాల దగ్గర కూడా నట్టనడి వలయం 5 అంగుళాలే.

ఎఫ్-క్లాస్‌లోని టీఆర్ (టార్గెట్ రైఫిల్) విభాగంలో .223, .308 తూటాలు (అంగుళాల్లో లావును బట్టి పెట్టిన పేర్లు) మాత్రమే చెల్లుతాయి. 1952లో వచ్చిన .308 విన్‌చెస్టర్ మా కాలపు సైనిక రైఫిల్ ఎస్‌ఎల్‌ఆర్ తూటాకు తోబుట్టువు వంటిది. 100 గజాలకు జీరో చేసిన, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సర్దిన .308 గుండు 1000 గజాలకు చేరేసరికి సుమారు 10 మీటర్లు దిగిపోతుంది. ఆ దిగుడు లెక్కకు అందుతుంది; అందనిది అడ్డగాలి. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలికి అదే దూరంలో .308 గుండు రెండు మీటర్లకు పైగా పక్కకు జరిగితే, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ అనే తూటా గుండు సన్నగా, పొడుగ్గా ఉండి గాలిని బాగా చీల్చుకుపోతుంది కనుక అంతకన్నా అర మీటరైనా తక్కువ జరుగుతుంది. ఆషాఢంలో మన వైపు వీచే గాలి ఎరిగినవారికి ఆ అర మీటరు విలువ వేరే చెప్పనక్కరలేదు. అయితే .308 బ్యారెల్ 5000 రౌండ్ల దాకా నిలిస్తే, 6.5 బ్యారెల్ గురి 2000, 3000 రౌండ్లకే సడలుతుంది. .338 లపువా వంటి పెద్ద తూటాల జోలికి కొత్తవారు పోకపోవడమే మంచిది. భుజానికి తగిలే దెబ్బకు జడిసి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగే అలవాటు ఒకసారి పట్టుకుంటే వదలదు.

స్కోప్‌లో జూమ్ కన్నా ముందు చూడవలసింది టర్రెట్, అంటే గురిని పైకీ కిందికీ, పక్కలకూ జరపడానికి తిప్పే బిరడా. .308తో 100 గజాల జీరో నుంచి 1000 గజాలకు పోవాలంటే దాదాపు 38 ఎంఓఏ (ఒక ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర సుమారు ఒక అంగుళం జరిపే కోణం) పైకి తిప్పాలి. మొత్తం 60 ఎంఓఏ తిరిగే స్కోప్‌లో నడిమి నుంచి పైకి మిగిలేది 30 మాత్రమే కాబట్టి, స్కోప్ కింద ముందుకు వాలుగా ఉండే 20 ఎంఓఏ రెయిల్ (పట్టా) బిగించక తప్పదు. ఈ లెక్క కొట్టువాడు చెప్పడు. జూమ్ సంగతికి వస్తే, నా దగ్గరున్న 6-24 (6 నుంచి 24 రెట్లు పెద్దది చేసి చూపే) స్కోప్‌ను అప్పుడప్పుడు మిద్దె మీద ఇసుక సంచిపై పెట్టి, అర కిలోమీటరు దూరంలోని నీళ్ల ట్యాంకు మీద రాసిన అక్షరాలు చూస్తుంటాను. మే నెలలో ఉదయం ఆరు గంటలకు 24 దగ్గర పెయింటు పెచ్చులూడిన చోటు కూడా కనబడుతుంది. పదిన్నరకు అదే 24 దగ్గర అక్షరాలు ఏటినీళ్ల అడుగున ఉన్నట్టు కదలాడతాయి. 12కు తగ్గిస్తేనే చదవగలుగుతాను. అయితే ఆ ఎండ కాక ఏ వైపుకు పారుతున్నదో గమనిస్తే గాలి ఎటునుంచి వస్తున్నదో తెలుస్తుంది, అదొక లాభం.

ఈ విషయంలో నేనూ ఒకసారి మోసపోయాను. కొట్టు పేరు ఎందుకు గానీ, 32 రెట్ల జూమ్ అని మురిసిపోయి కొన్న స్కోప్‌ను 100 మీటర్ల దగ్గర పరీక్షించాను. టర్రెట్‌ను 20 క్లిక్కులు (మెట్లు) పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకు తిప్పుతూ కాల్చినప్పుడు చివరి గుండు మొదటి రంధ్రం పక్కనే పడాలి. రెండు అంగుళాల అవతల పడింది. మళ్లీ కాలిస్తే ఇంకో చోట పడింది. తప్పు రైఫిల్‌దేనన్నాడు కొట్టువాడు. పాత స్కోప్ బిగిస్తే అదే రైఫిల్ ఐదు గుండ్లనూ రూపాయి బిళ్లంత చోటులో పెట్టింది.

కొత్తవారు .22 రైఫిల్‌తో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. 50 మీటర్లకు జీరో చేసిన .22 గుండు 200 మీటర్ల దగ్గర మీటరుకు పైగా దిగుతుంది, చిన్న గాలికే పక్కకు పోతుంది. 1000 గజాల పాఠాలు చాలావరకు అక్కడే నేర్చుకోవచ్చు. ఒకే కంపెనీ తూటాలైనా పెట్టె మీది లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబరు మారితే గురి మారుతుంది కనుక, నాలుగు లాట్లు కాల్చి చూసి, తమ రైఫిల్‌కు కుదిరిన దాన్నే ఏడాదికి సరిపడా తెచ్చుకోవాలి. .22కైనా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాల్సిందే. పైగా 2019 సవరణతో సాధారణ లైసెన్సుదారు ఉంచుకోదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. కొని చూసి, నచ్చకపోతే మరొకటి కొందామనుకోవడానికి వీల్లేదు.

ఎయిర్ రైఫిల్, 50 మీటర్ల పోటీలకు స్కోప్ చెల్లదన్న ఒక్క సవరణనైనా వచ్చే ఆదివారం అదే పేజీలో ప్రచురించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మాజీ సుబేదార్,
తిరుపతి