మల్లెలతీర్థం మెట్ల గురించి

అచ్చంపేట

చిరంజీవి సౌభాగ్యవతి బిడ్డకు బాపు ఆశీస్సులు.

బతుకమ్మకు వచ్చినప్పుడు మీ అత్తగారిని, బుడ్డోణ్ణి వెంటబెట్టుకొని ఎక్కడైనా నీళ్ల దగ్గరికి పోదామని, నడక మాత్రం ఎక్కువ ఉండకూడదని మొన్న ఫోన్‌లో అన్నావు. నేనూ మీ అమ్మా ఆలోచించి నల్లమల అడవిలోని మల్లెలతీర్థం జలపాతమే అనుకున్నాము. అయితే అది సులువైన నడక అని అందరూ చెప్పే మాటలో సగమే నిజం కనుక, మిగిలిన సగం నువ్వు బట్టలు సర్దుకునేలోపే తెలిసి ఉండాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

దారి నీకు కొత్త కాదు. హాజీపూర్ చౌరస్తా దగ్గర శ్రీశైలం రోడ్డు ఎక్కి, మన్ననూరు చెక్‌పోస్టు దాటి, వటువర్లపల్లి దగ్గర పక్కకు తిరిగి సుమారు 8 కిలోమీటర్లు అడవిలోకి పోవాలి. పులులు తిరిగే అడవి కాబట్టి రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా ఆ రోడ్డు మూసివేస్తారు. అందుకని తెల్లవారగానే బయలుదేరి, పొద్దు వాలకముందే తిరిగి ఇల్లు చేరుదాము.

బండి ఆగిన చోటి నుంచి జలపాతం దాకా దాదాపు 350 మెట్లు ఉన్నాయి, అవి దిగేవి. అసలు సంగతి అక్కడే ఉన్నది. కొండ ఎక్కేటప్పుడు మనిషికి తన శక్తి ముందే తెలుస్తుంది, ఆయాసం వస్తే అక్కడి నుంచే వెనుదిరుగుతాడు. ఇక్కడ మాత్రం చెట్ల నీడలో హాయిగా దిగిపోతాము, నీటి చప్పుడు పిలుస్తూ ఉంటుంది, ఎక్కవలసిన మెట్లన్నీ వెనుక పేరుకుపోతున్నాయన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. పోయిన ఏడు నేను అట్లాగే ఉత్సాహపడి దిగి, తిరిగి ఎక్కేటప్పుడు ఐదుసార్లు కూర్చున్నాను. మోకాళ్ల మీద చేతులు ఆనించి, ఒక్కొక్క మెట్టుకు రెండు కాళ్లూ కలిపి పెట్టుకుంటూ ఎక్కుతుంటే, వెనుక నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు ‘తాతా, దారి ఇస్తవా’ అని అడిగారు. అంతకుముందు నన్నెవరూ అట్లా తాతా అనలేదు, ఆ మాట మీ అమ్మకు ఇప్పటికీ నవ్వులాట.

మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులున్నాయి కదా. ఆమెను ‘ఇంకొంచెమే వదినా’ అంటూ బుజ్జగించి దించే పని మీ అమ్మకు పెట్టవద్దు. దిగాలని ఆమెకే అనిపిస్తే ఎవరూ తొందరపెట్టకుండా దిగుదాము, లేకపోతే వాళ్లిద్దరూ పైనే నీడన కూర్చుని మాట్లాడుకుంటారు. వాళ్లకు మాటలు తక్కువ పడవు.

కింద వాగు పక్కన నడవడం కొద్ది దూరమే, కానీ జాగ్రత్తగా నడవవలసింది కూడా అక్కడే. నీళ్లు ఎప్పుడూ పారే బండ మీద పాచి నల్లగా, రాయి రంగులోనే ఉంటుంది. ఎండ తగిలినప్పుడు చూస్తే మాత్రం నూనె పూసినట్టు మెరుస్తుంది. అట్లా మెరిసే చోట కాలు పెట్టకూడదని బుడ్డోడికి ఆటగా నేర్పు. గుండం లోతు నీటి రంగును బట్టి తెలియదు కనుక వాణ్ణి చేయి వదలకుండా అంచున కూర్చోబెట్టి, కాళ్లు మాత్రం తడవనిద్దాము.

నీకు ఏడేళ్లప్పుడు మే నెలలో నేను నిన్ను అక్కడికే తీసుకుపోయిన సంగతి గుర్తుందా? బండ మీద వేలెడంత తడి చార ఒకటి జారుతుంటే చూసి, ‘జలపాతం ఇంటికి పోయిందా బాపూ’ అని అడిగి ఏడుపు మొహం పెట్టినావు. దారిలో ఒక అవ్వ దగ్గర ఆకు దొన్నెలో మొర్రి పండ్లు కొనిస్తేగాని ఊరుకోలేదు. తప్పు నాదే. ఆ నీరు శ్రీశైలం గేట్ల వలె ఎవరో ఎత్తితే వచ్చేది కాదు. నల్లమల కొండల మీద కురిసిన వాన మెల్లమెల్లగా ఊరి, వాగై, ఇక్కడ దూకి, చివరకు కృష్ణలో కలుస్తుంది. వానలు వెనుకబడితే నీళ్లు పలుచబడతాయి, ఎండాకాలం ఇంచుమించు ఆగిపోతాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. దసరా నాటికి ధార నిండుగా ఉంటుంది, రాళ్ల మీద పోటెత్తే ఉధృతి మాత్రం తగ్గి ఉంటుంది. అయినా ముందు రోజు పెద్ద వాన పడితే మానుకుందాము, నువ్వు అలగవద్దు.

ఆ అడవి చెంచుల ఇల్లు. దోమలపెంట వంటి ఊరి పేర్లలోని ‘పెంట’ వాళ్ల గూడెం పేరే. గుడిసెల ముందు ఆగి ఫోటోలు తీయడం నాకు నచ్చదని అల్లుడిగారికి నువ్వే మెల్లగా చెప్పు. కోతులకు ఏమీ వేయకూడదు, ప్లాస్టిక్ తీసుకుపోకూడదు. మీ అమ్మ సద్దుల బతుకమ్మకు చేసే నువ్వుల సత్తు, పులిహోర స్టీలు డబ్బాల్లో పెట్టుకుందాము. దసరా మరునాడు జనం ఎక్కువ, రెండు రోజులు ఆగి పోదాము.

బుడ్డోడికి రబ్బరు చెప్పులు పనికిరావు. వాడి పాదాన్ని కాగితం మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసి, ఆ కాగితం నాకు పంపు. వెనుక పట్టీ ఉన్న చెప్పులు ఇక్కడే చూసి కొని ఉంచుతాను.

ఇట్లు,
మీ బాపు