రెండు ప్రశ్నలను కలిపి ఒకటి చేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

స్వేచ్ఛా మార్కెట్టా, మార్క్సిజమా అంటూ మీ పత్రికలో సాగుతున్న చర్చలో రెండు వాదనలు పదేపదే వినిపిస్తున్నాయి. సోవియట్ యూనియన్ కూలిపోయింది కాబట్టి, లాభం కార్మికుడి శ్రమలోంచే పుడుతుందన్న మార్క్స్ అదనపు విలువ సిద్ధాంతం తప్పని తేలిపోయిందన్నది మొదటిది. 2008లో బ్యాంకులు కుప్పకూలాయి కాబట్టి కేంద్రీకృత ప్రణాళికే శరణ్యమన్నది రెండోది. రెండింటిలోనూ ఉన్నది ఒకే పొరపాటు. లాభం ఎక్కడి నుంచి వస్తుందన్నది ఒక ప్రశ్న. ఏ వస్తువు ఎంత తయారుచేయాలో ఎవరు, ఏ సమాచారంతో తేల్చాలన్నది ఇంకో ప్రశ్న. మార్క్స్ జీవితమంతా తలమునకలైంది మొదటిదానిలో. ప్రణాళికా సంఘం రోజువారీగా ఎలా నడవాలో ఆయన ఎక్కడా వివరించి రాయలేదు. స్వేచ్ఛా మార్కెట్‌ను సమర్థించిన ఆర్థికవేత్త హయెక్ బలమంతా రెండో ప్రశ్న దగ్గరుంది. ఒకరి జవాబుతో మరొకరి ప్రశ్నను కొట్టేయడం కుదరదు.

ముందు లాభం సంగతి. మార్క్స్ చెప్పింది 'కార్మికుడికి తక్కువ కూలి ఇచ్చి మోసం చేస్తారు' అని కాదు. ఈ అపార్థం ఆయన అభిమానుల్లోనూ ఉంది, విమర్శకుల్లోనూ ఉంది. యజమాని కొనేది శ్రమను కాదు, శ్రమశక్తిని, అంటే పనిచేయగల సామర్థ్యాన్ని. దాని పూర్తి విలువ (మార్క్స్ లెక్కలో విలువ అంటే తయారీకి పట్టే శ్రమ) చెల్లించే కొంటాడు. కార్మికుడు రోజు గడవడానికి కావలసిన వస్తువుల తయారీకి 4 గంటల శ్రమ పడుతుందనుకుందాం, పని మాత్రం 8 గంటలు చేస్తాడు. మొదటి 4 గంటలు అవసర శ్రమ, మిగిలిన 4 అదనపు శ్రమ. అవసర శ్రమతో పోలిస్తే అదనపు శ్రమ ఎంతో చెప్పే దోపిడీ రేటు ఇక్కడ 100 శాతం. ఎవరూ ఎవరినీ మోసగించకుండానే, ప్రతి సరుకూ దాని విలువకే అమ్ముడవుతూనే లాభం పుడుతుంది. వాదనకు ఆయువుపట్టు ఇదే.

చిక్కు ఒకటి కంటే ఎక్కువ రంగాలున్నప్పుడు మొదలవుతుంది. దీన్ని అంకెల్లో చూడకుండా మాట్లాడితే ఎంతసేపైనా మాట్లాడవచ్చు కాబట్టి ఓపికగా లెక్క చూద్దాం. యంత్రాలు, ముడిసరుకులు తయారుచేసే రంగం ఒకటి. జనం వాడుకునే వస్తువులు తయారుచేసే రంగం ఒకటి. రెండింటిలోనూ పెట్టుబడి 100 శ్రమ గంటలే. మొదటి రంగంలో 80 యంత్రాలకూ ముడిసరుకుకూ పోతుంది, 20 కూలికి. దోపిడీ రేటు 100 శాతం కాబట్టి అదనపు విలువ 20, సరుకు విలువ 120. రెండో రంగంలో యంత్రాలకు 40, కూలికి 60, అదనపు విలువ 60, సరుకు విలువ 160. ఈ వ్యవస్థ ఏటా ఇదే స్థాయిలో నడవగలదు: ఖర్చయిన యంత్రాలు, ముడిసరుకు 80, 40 కలిపి 120, మొదటి రంగం తయారుచేసేదీ సరిగ్గా 120.

సరుకులు విలువకే అమ్ముడైతే మొదటి రంగంలో 100కు 20 లాభం, రెండోదానిలో 60. అలా నిలవదు. పెట్టుబడి రెండో రంగానికి పరిగెడుతుంది, లాభం రేట్లు సమానమయ్యేదాకా ధరలు కదులుతాయి. మార్క్స్‌కు ఇది తెలుసు. తన గ్రంథం 'పెట్టుబడి' మూడో సంపుటంలో (ఆయన పోయాక 1894లో ఎంగెల్స్ అచ్చువేయించినది) దీనికి పరిష్కారం ఇచ్చారు. ఆ పద్ధతిలో మొత్తం అదనపు విలువ 80ని మొత్తం పెట్టుబడి 200తో భాగిస్తే 40 శాతం. రెండు రంగాల సరుకూ 140కి అమ్ముడవుతుంది. ధరల మొత్తం 280, విలువల మొత్తం 280. లాభాల మొత్తం 80, అదనపు విలువ మొత్తం 80. రెండు మొత్తాలూ సరిపోయాయి.

లోపం ఎక్కడుందంటే, అమ్మకాలను ధరల్లోకి మార్చి కొనుగోళ్లను విలువల్లోనే వదిలేశారు. యంత్రం 120 నుంచి 140కి పెరిగితే దాన్ని కొనేవాడికీ 140 లెక్కనే పడుతుంది. వాడకం వస్తువు 160 నుంచి 140కి దిగితే కూలి ఖర్చూ అదే నిష్పత్తిలో దిగుతుంది. తిరిగి లెక్కవేస్తే మొదటి రంగం ఖర్చు 100 కాదు, సుమారు 110.8, రెండోదాని ఖర్చు సుమారు 99.2. ఇద్దరూ 140కే అమ్మితే ఒకరి లాభం రేటు 26 శాతం, మరొకరిది 41 శాతం. సమానం చేద్దామని మొదలుపెట్టిన రేట్లు మళ్లీ విడిపోయాయి. కొనుగోళ్లనూ అమ్మకాలనూ కలిపి ఒకేసారి సాధిస్తే ఇద్దరికీ సమానంగా వచ్చే రేటు 29.6 శాతం, 40 కాదు. అప్పుడు ధరల మొత్తాన్ని 280 దగ్గర నిలిపితే లాభాల మొత్తం 64కు పడిపోతుంది. లాభాల మొత్తాన్ని 80 దగ్గర నిలిపితే ధరల మొత్తం 350 అవుతుంది. ఒకటి పట్టుకుంటే రెండోది జారిపోతుంది. 1907లో ఆర్థికవేత్త బోర్ట్‌కీవిచ్ బయటపెట్టిన చిక్కు ఇదే. ఖర్చును విలువగానే తీసుకుంటే పొరపాటుకు వీలుందని మార్క్స్ కూడా ఆ పరిష్కారం ఇచ్చిన అధ్యాయంలోనే హెచ్చరించి, అంతటితో వదిలేశారు.

తర్వాతి తరం మార్క్సిస్టులు కొందరు డబ్బుకూ శ్రమ గంటలకూ మధ్య లంకెను వేరుగా నిర్వచించి, రెండు మొత్తాలనూ నిలబెట్టే దారులు చూపారు. అది నిర్వచనం మార్చి గెలిచిన గెలుపని నా అభిప్రాయం. ధరలు తెలుసుకోవడానికి శ్రమ విలువల మెట్టు ఎక్కనక్కరలేదని 1960లో ఆర్థికవేత్త స్రాఫా చూపించారు. ఏ వస్తువుకు ఏయే వస్తువులు ఎంతెంత కావాలో, కూలి ఎంతో తెలిస్తే ధరలూ లాభం రేటూ నేరుగా వచ్చేస్తాయి. పై లెక్కలో 29.6 వచ్చింది అలాగే.

అయితే ఇక్కడితో మార్క్స్ ఓడిపోయాడని సంబరపడేవారు ఇంకొక్క లెక్క చేయాలి. అదే ఉదాహరణలో కార్మికులకు అందే వస్తువులు నాలుగో వంతు పెరిగితే (20 బదులు 25, 60 బదులు 75) లాభం రేటు 29.6 నుంచి సుమారు 22.5 శాతానికి దిగుతుంది. సాంకేతికత మారనంత వరకు కూలి పెరిగితే లాభం తగ్గక తప్పదు. ఈ వైరుధ్యానికి శ్రమ విలువ సిద్ధాంతం ఊతం అక్కరలేదు. అది లెక్కలోనే ఉంది. పని గంటలు ఎన్ని, వేగం ఎంత, సెలవు ఎప్పుడు అనే తగాదాలన్నీ పుట్టేది ఇక్కడే. 1847లో బ్రిటన్ పది గంటల చట్టం తెచ్చినప్పుడు తగాదా దీని గురించే.

మార్కెట్ పక్షం లెక్కలోనూ చిల్లు ఉంది. 1871లో మెంగర్, జెవన్స్, 1874లో వాల్రాస్ అనే ఆర్థికవేత్తలు మొదలుపెట్టిన ఉపాంత విశ్లేషణ ధరలను కొరతతోనూ, చివరి యూనిట్ ఇచ్చే ప్రయోజనంతోనూ వివరిస్తుంది. సరుకుల ధరలకు అది బాగా పనిచేస్తుంది. కానీ లాభాన్ని 'పెట్టుబడి ఉపాంత ఉత్పత్తి' (చివరిగా చేర్చిన పెట్టుబడి వల్ల అదనంగా వచ్చే ఉత్పత్తి) అనాలంటే ముందు పెట్టుబడి ఎంతో కొలవాలి. ఒక మగ్గం, ఒక కొలిమి, ఒక లారీ కలిపి ఎంత? డబ్బులో కూడాలంటే ధరలు కావాలి, ధరలు తెలియాలంటే లాభం రేటు ముందే తెలియాలి. వడ్డీ రేటు దిగుతూ పోతుంటే, ఒకసారి వదిలేసిన ఉత్పత్తి పద్ధతే మళ్లీ లాభసాటి కావచ్చని 1966లో ఆ పక్షపు ప్రముఖ ఆర్థికవేత్త సామ్యూల్సన్ అంతటివారు ఒప్పుకున్నారు. ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో మొదటి అధ్యాయాల్లోకి రాకపోవడం విచారకరం.

ఇక రెండో ప్రశ్న. ఇక్కడ నేను నిస్సంకోచంగా హయెక్ వైపే. అయితే ఎందుకన్నది సరిగ్గా చెప్పుకోవాలి.

సోవియట్ ప్రణాళికా సంఘం గోస్‌ప్లాన్ వాడిన పద్ధతి సరుకుల సమతుల్యత పట్టిక. ఒక పక్క సరుకు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో, రెండో పక్క ఎవరెవరికి కావాలో రాసి రెండూ సరిచూస్తారు. ఒక టన్ను ఉక్కుకు 0.8 టన్ను బొగ్గు, ఒక టన్ను బొగ్గు తవ్వడానికి 0.05 టన్ను ఉక్కు కావాలనుకోండి. దేశానికి అదనంగా 1,000 టన్నుల ఉక్కు అవసరమైంది. 800 టన్నుల బొగ్గు రాసుకున్నారు. ఆ బొగ్గు తవ్వడానికి 40 టన్నుల ఉక్కు, దానికి మళ్లీ 32 టన్నుల బొగ్గు, దానికి మళ్లీ 1.6 టన్నుల ఉక్కు. చివరిదాకా వెళ్తే 1,041.7 టన్నుల ఉక్కు, 833.3 టన్నుల బొగ్గు తేలుతుంది. మొదటి చుట్టుతోనే ఆగిపోయిన అధికారి లెక్కలో 1,000 టన్నులున్నా చేతికొచ్చేది 960. రెండు సరుకులకు ఇది కాగితం మీద పని. వేల సరుకులకు చేత్తో చేస్తే గడువులోగా రెండు మూడు చుట్లు కూడా పూర్తికావు. అందుకే 'నిరుటి అంకెకు ఇంత శాతం కలుపు' అనే అడ్డదారి స్థిరపడింది.

'ఇప్పుడు కంప్యూటర్లున్నాయి కదా' అంటారు. నిజమే, పై లెక్క ఇప్పుడు కష్టం కాదు. కష్టం 0.8 అన్న అంకె దగ్గరుంది. దాన్ని చెప్పాల్సింది కర్మాగారం మేనేజర్. లక్ష్యం చేరితే బోనస్, 99 శాతం దగ్గర ఆగితే సున్నా, 110 శాతం చేస్తే వచ్చే ఏటి లక్ష్యమే 110. తెలివైన మేనేజర్ ఏం చేస్తాడు? సామర్థ్యాన్ని తగ్గించి చెబుతాడు, బొగ్గు 0.9 కావాలంటాడు, మిగిలింది గోదాములో దాస్తాడు. లక్ష్యం టన్నుల్లో ఇస్తే రేకు మందమవుతుంది, చదరపు మీటర్లలో ఇస్తే పలచనవుతుంది. యంత్రం ఎంత వేగంగా లెక్కించినా లోపలికి వెళ్లే అంకె అబద్ధమైతే ఫలితమూ అబద్ధమే. 1920లో మార్కెట్ పక్షపు ఆర్థికవేత్త మీసెస్ ధరలు లేకుండా లెక్క అసాధ్యమన్నారు. 1936లో సోషలిస్టు ఆర్థికవేత్త లాంగె, ప్రణాళికా సంఘమే ధరలు ప్రకటించి, కొరత వస్తే పెంచి, మిగిలిపోతే తగ్గించవచ్చని జవాబిచ్చారు. 1945లో హయెక్ చెప్పింది ఈ రెండింటికన్నా లోతైనది: ఆ అంకెలు ఎక్కడో సిద్ధంగా ఉండి సేకరణ కోసం ఎదురుచూడటం లేదు. ఇంకో పద్ధతి ప్రయత్నించి, నష్టానికి సిద్ధపడి, పోటీలో నిలిచినప్పుడే 0.8 కాదు 0.6 సరిపోతుందని బయటపడుతుంది.

ధరలు పెట్టుబడిదారుల కల్పన అనేవారు సోవియట్ గణితవేత్త కాంటరోవిచ్ సంగతి తెలుసుకోవాలి. 1939లో లెనిన్‌గ్రాడ్‌లో ప్లైవుడ్ యంత్రాలకు పని పంచే సమస్య సాధిస్తూ ఆయన రేఖీయ ప్రణాళికా గణితాన్ని (లీనియర్ ప్రోగ్రామింగ్) కనిపెట్టారు. వనరులను మేలైన రీతిలో పంచే ప్రతి లెక్కలోనూ ప్రతి వనరుకూ ఒక కొరత విలువ దానంతటదే పుట్టుకొస్తుందని తేలింది. మార్కెట్ లేని దేశంలో, గణితంలోంచి ధరలు తిరిగొచ్చాయి. శ్రమ విలువకు విరుద్ధమని అక్కడి సిద్ధాంతకర్తలు చాలాకాలం వాటిని అనుమానంగానే చూశారు. 1975లో ఆయనకు నోబెల్ వచ్చింది. నేడు అనేక దేశాల విద్యుత్ గ్రిడ్‌లలో ఏ కేంద్రం ఎంత ఉత్పత్తి చేయాలో కొన్ని నిమిషాలకోసారి తేల్చేది ఇదే గణితం. సరుకు ఒక్కటే, మీటరు అబద్ధమాడదు, ఉత్పత్తి కేంద్రాలు లెక్కపెట్టగలిగినన్నే. అలాంటి చోట కేంద్రీకృత లెక్క చక్కగా నడుస్తుంది. చెప్పుల డిజైనుకో, కొత్త మందుకో ఈ మూడింటిలో ఒక్కటీ వర్తించదు.

హయెక్ వాదన సరుకుల ధరలకు ఎంత బలమైనదో ఆస్తుల ధరలకు అంత కాదు. బూట్ల ధర పెరిగితే కొనేవారు తగ్గుతారు. షేర్లు, ఇళ్ల ధరలు పెరిగితే ఇంకా పెరుగుతాయని కొనేవారు ఎక్కువవుతారు, పైగా అప్పుతో. ఒక బ్యాంకు ఆస్తులు 100, సొంత సొమ్ము 4, అప్పు 96 అనుకోండి. ఆస్తుల ధర 1 శాతం పడితే సొంత సొమ్ము 3 అవుతుంది. మునుపటి 25 రెట్ల నిష్పత్తి నిలుపుకోవాలంటే 99లో 75 మాత్రమే ఉంచుకోగలదు, 24 అమ్మేయాలి. అన్ని బ్యాంకులూ ఒకే వారంలో 24 అమ్మడానికి వస్తే ధర ఇంకా పడుతుంది, మళ్లీ అమ్మాలి. 2008 సెప్టెంబరు 15న అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసిన ముందూ వెనుకా జరిగింది ఈ గొలుసే. ఇక్కడ ప్రతి ఒక్కరూ ధర చెప్పినట్టే నడుచుకున్నారు, మునిగింది అందుకే. 'కల్పిత పెట్టుబడి' (షేర్లు, బాండ్ల వంటి కాగితపు ఆస్తులు) గురించి మూడో సంపుటంలో మార్క్స్ రాసిన పేజీలు, విలువల లెక్క పోయినా, నిలబడతాయి.

ఆ తర్వాత ప్రభుత్వాలు పెద్ద బ్యాంకులను నిలబెట్టాయి. హంగరీ ఆర్థికవేత్త కోర్నాయ్ 1980లో సోషలిస్టు సంస్థల గురించి చెప్పిన మాట ఇక్కడ గుర్తుచేసుకోవాలి. నష్టమొస్తే పై నుంచి సొమ్ము వస్తుందన్న భరోసా ఉన్న సంస్థకు, సంపాదించినంతలోనే ఖర్చుపెట్టాలన్న బడ్జెట్ కట్టుబాటు మెత్తబడుతుంది. అది ఖర్చు చూసుకోదు, వనరులను మింగుతూనే ఉంటుంది. యజమాని రాజ్యమా, వాటాదారులా అన్నదానితో నిమిత్తం లేదు.

కాబట్టి మీ చర్చలో ఇకముందు రాసేవారికి నాదొక విన్నపం. ప్రణాళికను సమర్థించేవారు బోనస్ దేనిమీద కడతారో, 0.8 అన్న అంకెను ఎవరు ఎలా తనిఖీ చేస్తారో, వరుసగా మూడేళ్లు నష్టపోయిన కర్మాగారాన్ని ఏంచేస్తారో రాయాలి. మార్కెట్‌ను సమర్థించేవారు బ్యాంకు 100 ఆస్తికి సొంత సొమ్ము 4 ఉండాలా 15 ఉండాలా, మునిగితే మొదట ఎవరి డబ్బు పోవాలి, కూలి బేరంలో కార్మికుడి పక్కన ఎవరు కూర్చోవాలి అన్నవి రాయాలి.

ఇట్లు,
అర్థశాస్త్రం బోధించే ఒక పాఠకుడు