మా పేటలో వసూలైన ఫీజు ఎక్కడ ఖర్చయింది? మంత్రిగారికి నల్లకుంట నుంచి ఒక బహిరంగ లేఖ

పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు.

నేను 1979లో హైదరాబాదు నల్లకుంటలోని ఈ గల్లీకి కోడలిగా వచ్చాను. అప్పుడు ఇక్కడ పన్నెండు ఇళ్లుండేవి. ఇంటింటికీ ప్రహరీ, వెనక జామచెట్టో కరివేపాకు చెట్టో, ముందు వాకిట్లో ముగ్గుకు చాలినంత జాగా. ఈ ఉత్తరం రాయాలనుకున్నాక పోయిన వారం నోటుబుక్కు పట్టుకుని గేటు గేటుకూ తిరిగి లెక్క రాసుకున్నాను. ఆ పన్నెండు ఇళ్లలో ఇప్పుడు రెండే మిగిలాయి, అందులోనూ ఒకదానికి తాళం. మిగతా చోట తొమ్మిది అపార్ట్‌మెంట్లు, 118 ఫ్లాట్లు, 14 షాపులు. రోడ్డు మాత్రం అప్పుడూ ముప్పై అడుగులే, ఇప్పుడూ ముప్పై అడుగులే. దాని కింద మురుగు పైపు కూడా అదే.

అపార్ట్‌మెంట్లు కట్టనివ్వకండి అని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మా ఇల్లు కూడా మేమే డెవలప్‌మెంట్‌కు ఇచ్చాం. పక్కింటివాళ్లదీ మాదీ కలిపి ఏడు వందల గజాలు. స్లాబు ఉరుస్తోంది, మామయ్యగారు మెట్లు ఎక్కలేకపోతున్నారు, అన్నదమ్ములు నలుగురికీ వాటాలు తేలాలి. బిల్డరు సగం సగం అన్నాడు, సంతకాలు పెట్టాం. కింద పార్కింగుకు వదిలిన స్టిల్టు, దాని మీద నాలుగు అంతస్తులు, 16 ఫ్లాట్లు వచ్చాయి. లిఫ్టు వచ్చాక మామయ్యగారు చివరి మూడేళ్లూ రోజూ సాయంత్రం కిందికి దిగి గేటు దగ్గర కూర్చోగలిగారు. ఆ సంగతి నేను మరిచిపోను. కొత్తగా వచ్చిన కుటుంబాలన్నా నాకు ఇష్టమే. మూలమీద మందుల షాపు రాత్రి పదకొండు దాకా తెరిచి ఉంటుంది. ఆ వెలుతురులో ఆడపిల్లలు భయం లేకుండా నడిచి వస్తున్నారు. ఇవన్నీ మంచివే.

నా బాధ వేరు. రెండు కుటుంబాలున్న చోటికి పదహారు వచ్చినప్పుడు మా ప్లాను చూసినవాళ్లు మా జాగానే చూశారు. సెట్‌బ్యాక్, అంటే చుట్టూ ఖాళీ, ఎంత వదిలారు, ఎత్తు ఎంత, పార్కింగు ఎంత అని. తర్వాత ఎదురింటి ప్లాను వచ్చింది, దాన్నీ అలాగే చూశారు. ఆ తర్వాత మూలమీదిది. విడివిడిగా చూస్తే అన్నీ రూల్సు ప్రకారమే ఉండొచ్చు. అన్నీ కలిపితే ఈ గల్లీ మోరీ మోయగలదా, నల్లా నీళ్లు అందుతాయా, బండ్లు ఎక్కడ నిలబడతాయి అని ఎవరూ అడగలేదు. కలిపి లెక్క చూసే బాధ్యత ఎవరిదో నలభై ఏడేళ్లుగా ఇక్కడ ఉంటున్న నాకు ఇప్పటికీ తెలియదు.

2006 మార్చిలో భవన నిర్మాణ రూల్సుగా వచ్చిన జీవో 86తో హైదరాబాదులో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి తీసేశారు. ఇన్ని గజాల జాగాలో మొత్తం ఇంతే కట్టాలి అన్న గీత పోయింది. రోడ్డు వెడల్పు, ఎత్తు, సెట్‌బ్యాక్ చూసుకుని ఎంత పడితే అంత కట్టుకోవచ్చు. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. 2020లో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల పద్ధతి వచ్చాక పెద్ద భవనాల అనుమతికి 21 రోజుల గడువు పెట్టారు. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగే బాధ తగ్గింది, మంచిదే. అనుమతికి గడువు పెట్టినట్టు, ఆ భవనం వదిలే మురుగుకు సరిపడా పైపు వేయడానికి మాత్రం ఎవరూ గడువు పెట్టలేదు.

అయితే ఆ జీవో 168లోనే మాలాంటివాళ్ల కోసం రాసిన రెండు మాటలున్నాయి. ఎవరూ బయటికి చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

మొదటిది ఇంపాక్టు ఫీజు, అంటే కొత్త భవనం ఊరి వసతుల మీద వేసే బరువుకు కట్టించుకునే డబ్బు. 15 మీటర్ల ఎత్తు దాటి కట్టేవాళ్ల దగ్గర నగర స్థాయి మౌలిక వసతుల ఇంపాక్టు ఫీజు వసూలు చేస్తారు. ఆ డబ్బును ఆ పనికే విడిగా ఉంచే ఎస్క్రో ఖాతాలో ఉంచాలి, అందులో సగం ఆ ప్రాంతంలోనే వసతులకు ఖర్చు పెట్టాలి అని రూల్సులో ఉంది. ఈ వాక్యం మా అల్లుడు చదివి వినిపించినప్పుడు రెండోసారి చదివించుకున్నాను. సగం ఇక్కడే ఖర్చు పెట్టాలి! మా మెయిన్ రోడ్డు మీద గత పదేళ్లలో అంత ఎత్తు భవనాలు లేచాయి, ఇంకా లేస్తున్నాయి. ఆ ఫీజు ఎంత వచ్చింది, అందులో సగంతో ఏ మోరీ తవ్వారు, ఏ పైపు మార్చారు? సంబంధిత కార్యాలయానికి మా కాలనీవాళ్లం రెండుసార్లు అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు, జవాబు రాలేదు.

ఇందులో ఇంకొక చిక్కు కూడా ఉంది. మా గల్లీలోని తొమ్మిది భవనాల్లో ఎనిమిది 15 మీటర్ల లోపువే. అంటే మా 16 ఫ్లాట్లతో సహా వీటి నుంచి ఆ ఖాతాకు పైసా చేరలేదు. ఒక పెద్ద భవనం వల్ల పడే బరువు లెక్కకు వస్తుంది, ఎనిమిది చిన్న భవనాలు కలిసి వేసే బరువు లెక్కకు రాదు. ఫ్లాటుకు కొంతని మా దగ్గరా వసూలు చేయండి. ఆ డబ్బు మా వార్డులోనే ఖర్చవుతుందని చూపిస్తే కట్టడానికి మేం వెనకాడం.

రెండో మాట పార్కింగుది. పార్కింగుకు చూపిన చోటును మరొక పనికి వాడితే ఆ కట్టడాన్ని నోటీసు, వాయిదాల తతంగం లేకుండా తొలగించాలని అదే జీవో చెబుతుంది. మా మూలమీద కట్టిన పెద్ద భవనానికి రెండు సెల్లార్లున్నాయి. కింది రెండు అంతస్తులూ దుకాణాలు. పై సెల్లారులో ఇప్పుడు కార్లు లేవు, అట్టపెట్టెలున్నాయి. గ్రౌండ్ ఫ్లోరు షాపువాళ్ల గోడౌను అది. పొద్దున అయిదున్నర నుంచే సరుకు డీసీఎం వ్యాన్లు వస్తాయి. లోపలికి దిగలేవు కాబట్టి గల్లీ మొదట్లో అడ్డంగా ఆగుతాయి. సాయంత్రం కొనడానికి వచ్చినవాళ్ల కార్లు, స్కూటర్లు మా గేట్ల ముందు వరసగా పెడతారు. వాళ్లనేమని అనగలను? లోపల జాగా లేదని వాచ్‌మన్ చేత్తో మా గల్లీనే చూపిస్తాడు.

పోయిన శ్రావణమాసంలో ఒక సాయంత్రం మా పై ఫ్లాటులో ఉండే పెద్దాయనకు గుండెనొప్పి వచ్చింది. 108కి ఫోన్ చేస్తే అంబులెన్సు తొందరగానే వచ్చింది, గల్లీ మొదటి దాకా. అక్కడ వ్యాను దించుకుంటోంది, దాని వెనక రెండు కార్లు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. చివరికి మా అబ్బాయి, ఎదురింటి పిల్లలు ఇద్దరు, స్ట్రెచర్ పట్టుకుని బండ్ల మధ్య నుంచి పక్కకు తిప్పుకుంటూ మూల దాకా మోసుకెళ్లారు. ఒక స్కూటర్ హ్యాండిల్‌కు దుప్పటి చిక్కుకుంది. ఆయన భార్య చెప్పుల్లేకుండా వెనకే పరుగెత్తింది. దేవుడి దయవల్ల ఆయన బతికి ఇంటికొచ్చారు. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. కాగితం మీద ఆ భవనానికి రెండు సెల్లార్ల పార్కింగు ఉంది మంత్రిగారూ.

ఇక వాన సంగతి. మా పేట పేరులోనే కుంట ఉంది. పక్కనే నాగమయ్య కుంట. హుస్సేన్‌సాగర్ మిగులు నాలా అశోక్‌నగర్ మీదుగా మా పక్క నుంచే పోయి గోల్నాక దగ్గర మూసీలో కలుస్తుంది. నీళ్లకు ఈ దారి కొత్త కాదు, మేమే వాటి దారిలోకి వచ్చాం. 2020 అక్టోబరు 13 రాత్రి వరదలో ఊరంతా ఏమయిందో మీకు తెలుసు. అంత వాన మళ్లీ పడాల్సిన పని లేదు, ఇప్పుడు మామూలు వానకే మా స్టిల్టులోకి నీళ్లు వస్తున్నాయి. ఎందుకో నేను కళ్లారా చూశాను. గల్లీ పక్కన తెరిచిన మోరీ ఉండేది. ప్రహరీలు కొట్టేసి షట్టర్లు పెట్టిన ప్రతి చోటా, షాపు మెట్టెక్కడానికి మోరీ మీద సిమెంటు ర్యాంపు పోశారు. మధ్యలో చెయ్యి పట్టేంత సందు కూడా వదల్లేదు. చెత్త అడ్డం పడితే తీసే దారి లేదు. జూన్ మొదటి వానకు నీళ్లు మోరీలోకి దిగక రోడ్డు మీదే పారి, మా గేటు రెండో కమ్మీ దాకా వచ్చాయి. మా వాచ్‌మన్ భార్య పిల్లాణ్ని చంకనేసుకుని బియ్యం డబ్బా మెట్ల మీద పెట్టుకుంది. స్టిల్టులో వాళ్ల గది తప్ప మరే ఇల్లూ లేదు కాబట్టి మిగతా వాళ్లకు అది ట్రాఫిక్ ఇబ్బంది మాత్రమే.

1908లో మూసీ వరద తర్వాత ఈ నగరానికి విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన జలాశయాల పథకంతో ఆగలేదు, ఊరికి డ్రైనేజీ ఎలా ఉండాలో కూడా రాసిచ్చారు. ఊరిని మొత్తంగా చూస్తే తప్ప నీళ్ల లెక్క తేలదని ఆయనకు తెలుసు. మా వార్డు మటుకైనా అలా ఒకసారి మొత్తంగా చూడమనే మేం అడుగుతున్నది.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ఏ ప్లానులోనూ కనిపించదు. మా ఎదురింటి ప్రహరీ పక్కన కానుగచెట్టు కింద ఒక ఇస్త్రీ బండి ఉండేది. మా పిల్లల స్కూలు యూనిఫాంల నుంచి పెళ్లి పట్టుచీరల దాకా ఆయన చేతిమీదుగానే పోయాయి. బొగ్గుల పెట్టె మూత తీసి ఊదితే కొబ్బరిచిప్ప కాలిన వాసన వచ్చేది. ఏ ఇంట్లో ఎవరు ఊరెళ్లారో, ఎవరింటి తాళం ఎవరి దగ్గరుందో ఆయనకు తెలుసు. ప్రహరీ పోయి షోరూము వచ్చాక అద్దాల ముందు బండి బాగుండదని జరపమన్నారు. నాలుగుసార్లు జరిగాడు. చెట్టు కూడా కొట్టేశాక జరగడానికి నీడ లేదు. ఇప్పుడు స్కూటర్ మీద వచ్చి మూటలు పట్టుకెళ్తాడు, ఎక్కడో ఒక రేకుల గదిలో చేసి తెస్తాడు. మనిషి చిక్కిపోయాడు. 2014 వీధి వ్యాపారుల చట్టంలో సర్వే చేయాలి, గుర్తింపు పత్రం ఇవ్వాలి, వ్యాపారులు కూడా సభ్యులుగా ఉన్న కమిటీ వాళ్లకు చోటు చూపించాలి అని ఉంది. కొత్త షాపుకు ట్రేడ్ లైసెన్సు ఇచ్చే రోజునే, దాని ముందు ఇదివరకు ఎవరు బతికేవాళ్లో కూడా చూసి రాసుకునే ఏర్పాటు ఉంటే ఆయన చెట్టు కిందే ఉండేవాడేమో.

మా కోరికలు పెద్దవి కావు. ఇంపాక్టు ఫీజు ఖాతా లెక్క వార్డు వారీగా ప్రజల ముందు పెట్టండి, ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చు పెట్టారు. ఖర్చు పెట్టకపోతే పెట్టించండి. మా నల్లకుంట వాటా ఏదైనా మిగిలుంటే ముందు మోరీ మీది ర్యాంపులు తీయించి, జాలీలు పెట్టించి, మురుగు పైపు మార్పించండి. షాపుకు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేముందు, ఏటా రెన్యువల్ చేసేముందు, సెల్లారులోకి మనిషి దిగి చూడాలని ఉత్తర్వు ఇవ్వండి. పార్కింగు పార్కింగుగా లేకపోతే లైసెన్సు ఆపేయండి. ఇంకో ప్లానుకు అనుమతి ఇచ్చేముందు ఈ గల్లీలో ఇప్పటికే ఎన్ని ఫ్లాట్లు ఉన్నాయో ఒక్క కాగితం మీద చూపించమనండి. నా నోటుబుక్కు కావాలంటే ఇస్తాను.

తనిఖీకి ఎవరినైనా పంపితే మూలమీది పెద్ద భవనానికి ముందు మా అపార్ట్‌మెంటుకే రమ్మనండి. మా స్టిల్టులో లిఫ్టు పక్కన రెండు కార్లు పట్టే చోట ప్లైవుడ్ గోడ కట్టి ఒక కొరియర్ వాళ్లకు అద్దెకిచ్చారు. ఆ అద్దె అసోసియేషన్ ఖాతాలోకి వస్తుంది, దానితోనే లిఫ్టు మెయింటెనెన్సు కడుతున్నాం. జనరల్ బాడీ మీటింగులో వద్దని నేనొక్కదాన్నే చెయ్యెత్తాను. ఆ గోడ తీసేస్తే నెలనెలా నా వాటా కూడా పెరుగుతుంది, కడతాను.

ఇట్లు
నల్లకుంట నివాసిని