చిన్నీకి, డిపాజిట్ కట్టే ముందు

హైదరాబాద్, ఆదివారం

ఒసేయ్ చిన్నీ,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు సరిగా మాట్లాడలేకపోయాను. హాల్లో అత్తయ్యగారు సీరియల్ చూస్తున్నారు, పక్కనే పెద్దాడు లెక్కలు చేసుకుంటున్నాడు. ఊఁ కొట్టానే తప్ప నువ్వడిగినదానికి జవాబే చెప్పలేదు. హ్యూస్టన్‌లో సర్జన్‌ని కలిశానన్నావు, రొమ్ముల సైజు పెంచే ఇంప్లాంట్లు పెట్టించుకుందామనుకుంటున్నానన్నావు, నెలాఖరులోగా డిపాజిట్ కడితే రేటు తగ్గిస్తామన్నారన్నావు. తొమ్మిదేళ్ల కిందట నేను చేయించుకున్న సంగతి మన హాస్టల్ వాళ్లలో నీకొక్కదానికే తెలుసు. నన్ను కాక ఎవరిని అడుగుతావు? అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

వద్దని చెప్పడానికి కాదే ఈ ఉత్తరం. ఇద్దరు పిల్లలకీ పాలిచ్చాక నా ఒళ్లు నాది కానట్టు ఉండేది. టైలర్ ప్రతి బ్లౌజుకీ అడక్కుండానే కప్పులు పెట్టి కుట్టేవాడు. ఆపరేషన్ అయిన ఏడాదికి మా తమ్ముడి పెళ్లిలో కప్పుల్లేని బ్లౌజు వేసుకుని, పమిట సర్దుకోకుండా రోజంతా తిరిగాను. ఆ సంతోషం నిజం. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

కానీ ఒక్క మాట అడుగుతాను. ఫోన్లో నువ్వు "చిన్నవైపోయాయి" అనలేదు, "జారిపోయాయి" అన్నావు, అదీ రెండుసార్లు. ఆ రెండూ వేరు వేరు సమస్యలు. ఇంప్లాంట్ సైజు పెంచుతుంది, జారినదాన్ని పైకి లేపదు. చనుమొన రొమ్ము కింది మడత కంటే దిగువకు వచ్చేస్తే లిఫ్ట్ చేయాలి, అంటే వదులైన చర్మం కొంత తీసి బిగించడం. మచ్చలు ఎక్కువుంటాయి కానీ కొందరికి ఇంప్లాంటే అక్కర్లేదు. జారినవాటిలో పెద్ద ఇంప్లాంట్ పెడితే ఆ బరువుకి ఇంకా జారుతాయి. నీ సర్జన్ లిఫ్ట్ మాట ఎత్తాడా? ఎత్తకపోతే నువ్వే ఎత్తు.

నువ్వున్న ఊరి కథే ఒకటి చెప్తాను. ప్రపంచంలో మొదటి సిలికాన్ ఇంప్లాంట్ సర్జరీ జరిగింది హ్యూస్టన్‌లోనే, 1962లో. టిమ్మీ జీన్ లిండ్సీ అనే ఆవిడ రొమ్ము మీది పచ్చబొట్టు తీయించుకుందామని ఆస్పత్రికి వెళ్లింది. ఇంప్లాంట్లు పెడతామని డాక్టర్లే అడిగారు. ఆవిడకి బయటికి పొడుచుకొచ్చిన చెవులు సరిచేయించుకోవాలని ఉండేది. చెవులు కూడా చేస్తామంటే సరేనంది. ఇది చదివినప్పటి నుంచీ నాకు ఆవిడ చెవులే గుర్తొస్తాయి. మనం ఒకటి అడగడానికి వెళ్తాం, ఎదుటివాళ్ల దగ్గర ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది.

రెండో పిల్ల సంగతి తేల్చుకున్నారా? ఇంకా ఆలోచనలో ఉంటే ఆగవే. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చాక ఆకారం మళ్లీ మారిపోతుంది, డబ్బూ నొప్పీ రెండూ వృథా. చనుమొన చుట్టూ కోత పెడితే పాలు రావడంలో ఇబ్బంది ఎదురయ్యే అవకాశం ఎక్కువ. నాకు కింది మడతలో పెట్టారు. మచ్చ ఇప్పుడు సన్నని గీతలా ఉంది.

సైజు విషయంలో నేను చేసిన పని చెప్తాను, నువ్వూ చెయ్యి. క్లినిక్‌లో అద్దం ముందు నిలబెట్టి సైజర్లు, అంటే నమూనా ఇంప్లాంట్లు, పెట్టి చూపిస్తే 350 సీసీ బ్రహ్మాండంగా అనిపించింది. ఇంటికొచ్చి పాత మేజోళ్లు కత్తిరించి, కొలగ్లాసుతో 350 మిల్లీలీటర్లకి బియ్యం కొలిచి పోసి, ముడేసి, వదులు బ్రాలో పెట్టుకున్నాను. వాటితోనే వంట చేశాను, మెట్లెక్కి మేడ మీద బట్టలు ఆరేశాను, పిల్లల్ని బస్సెక్కించాను. సాయంత్రానికి మెడ, భుజాలు లాగేశాయి. పైగా పని చేస్తుంటే చేతులకి అడ్డం. మర్నాడు 300కి తగ్గించాను, మూడో రోజు 250 దగ్గర ఆగాను. అద్దం ముందు పది నిమిషాల్లో తెలియనిది ఆ మూడు రోజుల్లో తెలిసింది. అసలు ఇంప్లాంట్ బియ్యం కంటే ఇంకాస్త బరువు కూడా.

ఇక నీకు ఇన్నాళ్లూ చెప్పనిది. ఆపరేషన్ అయిన ఆరో ఏట నా కుడి రొమ్ము గట్టిపడింది. మొదట బోర్లా పడుకుంటే ఏదో ఒత్తుకున్నట్టు ఉండేది. తర్వాత్తర్వాత పచ్చి జామకాయని పట్టుకున్నట్టే ఉండేది, కాస్త పైకి కూడా లేచింది. ఒంట్లోకి బయటి వస్తువు వెళ్తే దాని చుట్టూ శరీరం ఒక పొర అల్లుకుంటుంది. అది అందరికీ జరిగేదే. కొందరికి ఆ పొర దళసరై బిగుసుకుంటుంది. పొర తీసేసి, ఇంప్లాంట్ మార్చారు. మళ్లీ మత్తు, మళ్లీ కుట్లు, మళ్లీ మొత్తం డబ్బు. మొదట చేసినచోట ఇలా జరగొచ్చని ఒక్కరూ కూర్చోబెట్టి చెప్పలేదు. సంతకం పెట్టిన కాగితాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. నాకు ఇప్పటికీ కోపమే.

అందుకే నీకు ఉన్న సదుపాయం వదులుకోకు అంటున్నాను. మందులు, వైద్య పరికరాల మీద అజమాయిషీ చేసే మీ అమెరికా ఎఫ్‌డీఏ 2021 అక్టోబరులో ఇంప్లాంట్ల మీద గట్టి హెచ్చరిక పెట్టించింది, ఒక చెక్‌లిస్ట్ కూడా తప్పనిసరి చేసింది. సర్జన్ దాన్ని నీతో కలిసి చదవాలి, ఒక్కో అంశం దగ్గర నువ్వు పొడి అక్షరాలు వేయాలి, చివర ఇద్దరూ సంతకం చేయాలి. అందులో స్పష్టంగా ఉంటుంది, ఇవి జీవితాంతం ఉండేవి కావని. సిలికాన్ జెల్ నింపిన రకమైతే లోపల చిరిగినా పైకి తెలియకపోవచ్చు. అందుకే బాగానే ఉన్నా ఐదారేళ్లకి ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండో ఎమ్మారైయో తీయించుకోమంటారు. ఆ ఖర్చు సాధారణంగా మన చేతి నుంచే. నీకిప్పుడు 38. ముందున్న ఏళ్లన్నీ లెక్కేసుకో.

కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు ఉన్న కార్డు అడిగి తీసుకో. పైపొర నున్ననిదా గరుకుదా అని కూడా అడుగు. గరుకు రకాల్లో కొన్నింటి వల్ల శరీరం అల్లుకునే ఆ పొర దగ్గర అరుదుగా ఒక రకం లింఫోమా, అంటే రోగనిరోధక కణాల క్యాన్సర్, వస్తోందని తేలి, 2019 జులైలో ఎఫ్‌డీఏ అడిగితే అలర్గన్ కంపెనీ తన బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఫ్రాన్స్‌లో పీఐపీ అనే కంపెనీ వైద్యానికి పనికిరాని చవక సిలికాన్ నింపి అమ్మిందని 2010లో బయటపడింది. ఆ కార్డు భద్రంగా ఉన్నవాళ్లకే తమ ఒంట్లో ఉన్నదేమిటో తెలిసేది.

మీ పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది కదా, ఆ మాట సర్జన్‌కి చెప్పావా? ముందు మామోగ్రామ్, అదే రొమ్ము ఎక్స్‌రే, తీయించుకో. మామూలుగా ఒక్కో వైపు రెండు ఫొటోలు తీస్తారు. ఇంప్లాంట్లుంటే వాటిని వెనక్కి నెట్టి ఇంకో రెండు తీయాలి. ఏటా స్కానింగుకి వెళ్లినప్పుడల్లా ముందే చెప్పుకోవాలి.

ఇంకోటి, ఇంట్లో మనిషి కావాలి. నేను అందరికీ గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అని చెప్పాను. మూడో రోజు తల దువ్వుకుందామంటే చేతులు భుజాల పైకి లేవలేదు. దువ్వెన పట్టుకుని మంచం మీద కూర్చుని ఏడుస్తుంటే అత్తయ్యగారు వచ్చారు. కట్లు చూశారు. ఏమీ అడగలేదు. వెనక కూర్చుని, చిక్కులు తీసి, నూనె రాసి, గట్టిగా జడ అల్లారు. నెల రోజులూ అలాగే వేశారు. ఆవిడకి ముందే చెప్పి ఉంటే ఆ మూడు రోజులు అంత ఒంటరిగా ఉండేదాన్ని కాదు. మీ ఆయనకి చెప్పావు సరే, పాపని ఎత్తుకోవడానికి, బరువులు మోయడానికి కొన్ని వారాలు ఎవరుంటారు? మీ అమ్మ వీసా సంగతి చూడు.

డిపాజిట్ మాత్రం ఈ నెల కట్టకు. రేటు తగ్గింపు పోతే పోనీ. ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్లి, ఇంప్లాంట్ మాట ఎత్తకుండా "జారిపోయాయి" అని మాత్రమే చెప్పి, ఏమంటాడో విను.

ఆ చెక్‌లిస్ట్ తెచ్చుకుని ఫొటో తీసి పంపు. శనివారం రాత్రి నీకు ఎనిమిదిన్నరకి నాకు ఆదివారం పొద్దున ఏడు. ఇంట్లో అందరూ పడుకుని ఉంటారు. కాఫీ పెట్టుకుని మేడ మీదికి వెళ్లి ఫోన్ చేస్తాను, ఇద్దరం కలిసి మొదటి లైను నుంచి చదువుదాం.

నీ రూమ్మేట్